నాన్నగారి పీఎస్‌ఏ 7.8 వచ్చింది, ఇప్పుడేం చేయాలి?

మీ ప్రశ్న మొత్తం చదివాను. మిగతావాళ్లకీ అర్థం కావాలి కాబట్టి క్లుప్తంగా మళ్లీ చెబుతాను. మీ నాన్నగారికి 66 ఏళ్లు. బరంపురంలో కిరాణా కొట్టు, సొంతూరు ఇచ్ఛాపురం దగ్గర. ఏడాదిగా రాత్రి నాలుగైదుసార్లు మూత్రానికి లేస్తున్నారు. ధార సన్నబడింది, అయిపోయిందనుకున్నాక కూడా బొట్లు బొట్లుగా పడుతోంది. దగ్గర్లో ఉన్న డాక్టరు రాసిన మాత్ర వాడుతున్నారు. ఈమధ్య రక్తపరీక్షలో పీఎస్‌ఏ (ప్రొస్టేట్ గ్రంథి నుంచి రక్తంలోకి చేరే ప్రొటీన్) 7.8 వచ్చింది, బయాప్సీ, అంటే సూదితో గ్రంథి ముక్క తీసి చూసే పరీక్ష, చేయించమన్నారు. మీ మేనమామ 'సూది గుచ్చితే కేన్సర్ ఒళ్లంతా పాకుతుంది, ఒప్పుకోవద్దు' అంటున్నారు. నాన్నగారేమో 'ఇది మా ఊరి కిడ్నీ జబ్బే, నాకూ వచ్చేసింది' అని మాట్లాడటమే తగ్గించేశారు. మీరు హైదరాబాద్‌లో ఉండి టెన్షన్ పడుతున్నారు. ఇది కేన్సరేనా, బయాప్సీ చేయించాలా వద్దా, ఎక్కడికి వెళ్లాలి, నాన్నగారి చేత ఎలా మాట్లాడించాలి అన్నవి మీ ప్రశ్నలు.

నేను యూరాలజీ డాక్టర్ని. గంజాం, గజపతి జిల్లాల తెలుగువాళ్లనీ ఇటు శ్రీకాకుళం వాళ్లనీ చూస్తూనే ఈ వయసుకొచ్చాను. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు సూటిగా జవాబు. 7.8 అంటే కేన్సర్ అని అర్థం కాదు. పీఎస్‌ఏ 4కీ 10కీ మధ్య ఉన్నవాళ్లకి బయాప్సీ చేస్తే కేన్సర్ బయటపడేది సుమారు నలుగురిలో ఒకరికి. మన దగ్గర అంతకన్నా తక్కువే ఉండొచ్చు. అంటే ముగ్గురికి లేదు. కానీ ఆ నాలుగో మనిషి మీ నాన్నగారు కాదని ఈ ఒక్క అంకె చూసి ఎవరూ చెప్పలేరు. కాబట్టి రేపే పరుగెత్తాల్సిన పని లేదు, అలాగని రిపోర్టు బీరువాలో పెట్టి మరిచిపోవడానికీ లేదు. రెండు నెలల్లో తేల్చుకోవాల్సిన విషయం. బయాప్సీ దాకా వెళ్లాలా వద్దా అన్నది దానికంటే ముందు చేయాల్సిన మూడు నాలుగు పనులు అయ్యాక తేలుతుంది.

మీరు ముందుగా మనసులో విడదీసుకోవాల్సింది ఒకటుంది. నాన్నగారి మూత్రం ఇబ్బంది వేరు, కేన్సర్ అనుమానం వేరు. ఈ రెండూ ఒకే గ్రంథికి సంబంధించినవి కావడంతో అందరూ కలిపేస్తారు. ప్రొస్టేట్ అనేది మూత్రాశయం కింద, మూత్రనాళం చుట్టూ ఉండే చిన్న గ్రంథి. కుర్రవాళ్లలో ఇరవై, ఇరవై ఐదు గ్రాములుంటుంది. వీర్యంలో కొంత ద్రవాన్ని తయారుచేయడం దాని పని. వయసు పైబడేకొద్దీ దీని లోపలి భాగం, అంటే మూత్రనాళాన్ని ఆనుకుని ఉండే భాగం పెరుగుతుంది. దారి ఇరుకైపోయి ధార సన్నబడుతుంది, మూత్రం కొంత లోపలే మిగిలిపోతుంది. ఇది మామూలు వాపే, కేన్సర్ కాదు, కేన్సర్‌గా మారేదీ కాదు. అరవై దాటిన మగవాళ్లలో సగం మందికి ఎంతో కొంత ఉంటుంది.

కేన్సర్ ఎక్కువగా మొదలయ్యేది వెలుపలి భాగంలో, మలద్వారం వైపు ఉండే పొరలో. అది మూత్రనాళానికి దూరం. అందుకే తొలిదశలో ధార బాగానే ఉంటుంది, నిద్ర బాగానే పడుతుంది, మనిషికి ఏ తేడా తెలియదు. నా దగ్గరికి వచ్చినవాళ్లలో చాలామంది ఇక్కడే పొరబడ్డారు. మూత్రం సాఫీగా వస్తోంది కాబట్టి నాకేం లేదు అనుకున్నవాళ్లు కొందరు. మూత్రానికి మాత్ర వేసుకున్నాక ధార బాగుపడింది కాబట్టి పీఎస్‌ఏ సంగతి వదిలేసినవాళ్లు ఇంకొందరు. మాత్ర దారిని వదులు చేస్తుందంతే, పక్కనున్న దాన్ని ఏమీ చేయదు. నాన్నగారు రేపు రెండేసార్లు లేస్తున్నాను అని చెప్పినా పీఎస్‌ఏ పని మాత్రం పూర్తి చేయించండి.

ఇప్పుడు ఆ మాత్ర సంగతి. ఇది చాలా ముఖ్యం. నాన్నగారిని ఆ మాత్రల షీటు ఫోటో తీసి పంపమనండి. వెనకాల చిన్న అక్షరాల్లో ఏ మందులున్నాయో చదవండి. టామ్సులోసిన్, లేదా సైలోడోసిన్, లేదా ఆల్ఫుజోసిన్ ఒక్కటే ఉంటే పీఎస్‌ఏ మీద ప్రభావమేమీ ఉండదు. దాంతోపాటు డ్యూటాస్టెరైడ్ గానీ ఫినాస్టెరైడ్ గానీ ఉందా చూడండి. రెండూ కలిపిన మాత్రలు మన మెడికల్ షాపుల్లో చాలా మామూలు. ఈ రెండో మందు గ్రంథిని నెమ్మదిగా కుదిస్తుంది. ఆరునెలలు వాడేసరికి పీఎస్‌ఏని సుమారు సగానికి దించేస్తుంది. నాన్నగారు ఏడాదిగా అది వాడుతుంటే, కాగితం మీద 7.8 కనబడుతున్నా అసలు లెక్క పదిహేను పైనే అనుకోవాలి. అప్పుడు నేను పైన చెప్పిన 'నలుగురిలో ఒకరు' అన్న లెక్క వర్తించదు, అనుమానం బాగా పెరుగుతుంది. పరీక్ష రాసిన డాక్టరుకీ, ముందు మాత్ర రాసిన డాక్టరుకీ పరిచయం ఉండదు. ఈ సంగతి చెప్పాల్సింది ఇంటివాళ్లే.

అదే అంకె ఊరికే పెరిగే సందర్భాలూ ఉన్నాయి. మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉంటే, మంట, చలిజ్వరం ఉంటే పీఎస్‌ఏ ఒక్కసారిగా ఎగబాకుతుంది. మూత్రం బిగుసుకుపోయి పైపు వేయించుకుంటే పెరుగుతుంది. పరీక్షకి ముందు రెండు రోజుల్లో వీర్యం పోయినా కొంచెం పెరుగుతుంది, ఎక్కువసేపు సైకిలు తొక్కినా కొందరిలో పెరగొచ్చు. కాబట్టి మొదట మూత్రం సాధారణ పరీక్ష, కల్చర్ పరీక్ష చేయించండి. ఇన్ఫెక్షన్ ఉంటే మందులు వాడి, తగ్గాక ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగి పీఎస్‌ఏ మళ్లీ చేయించండి. లేకపోయినా నాలుగు నుంచి ఆరు వారాల్లో, అదే ల్యాబులో, ఇంకోసారి చేయించండి. మొదటిసారి ఎక్కువొచ్చి రెండోసారి మామూలుకి దిగినవాళ్లు తక్కువమందేమీ కాదు. ఒక్క పరీక్ష చూసి సూది దాకా వెళ్లకూడదు.

ఈలోగా పొట్ట అల్ట్రాసౌండ్ చేయించండి. నిండుగా నీళ్లు తాగి వెళ్లాలి, మూత్రం పోసి వచ్చాక మళ్లీ చూడాలి. రిపోర్టులో మూడు అంకెలు వెతకండి. ప్రొస్టేట్ ఎంత బరువు ఉంది, మూత్రం పోశాక ఎన్ని మిల్లీలీటర్లు మిగిలింది, కిడ్నీలు వాచాయా. మొదటి అంకెతో పీఎస్‌ఏని భాగిస్తే చాలా తెలుస్తుంది. గ్రంథి 60 గ్రాములకి పెరిగి ఉంటే 7.8ని 60తో భాగించండి, 0.13 వస్తుంది. 0.15 లోపు ఉంటే, పెద్ద గ్రంథి కాబట్టే పీఎస్‌ఏ ఎక్కువ చూపిస్తోంది అని చాలావరకు ధైర్యం తెచ్చుకోవచ్చు. అదే గ్రంథి 25 గ్రాములే ఉండి పీఎస్‌ఏ 7.8 ఉంటే భాగహారం 0.31. అప్పుడు తాత్సారం చేయకూడదు. ఒకే 7.8, ఇద్దరు మనుషుల్లో రెండు అర్థాలు. అయితే ఇది కూడా తీర్పు కాదు, డాక్టరు ఆలోచనకి ఒక ఆసరా మాత్రమే.

ఇక కిడ్నీ భయం. ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస అంటే ఉద్దానం. ఆ ప్రాంతంలో పుట్టిన మనిషి కిడ్నీ మాట వింటే వణికిపోవడంలో ఆశ్చర్యం లేదు. ప్రతి వీధిలో ఒకరిని పోగొట్టుకున్న ఊళ్లవి. ఆ భయాన్ని 'మీకేం లేదు నాన్నా' అని తీసిపారేయకండి, ఆయన నమ్మరు. దానికి జవాబు పరీక్షలోనే ఉంది. ఉద్దానం కిడ్నీ జబ్బు చాపకింద నీరులా వస్తుంది. తొలి రోజుల్లో ధార సన్నబడటం, బొట్లు పడటం లాంటివేవీ దాని లక్షణాలు కావు. బీపీ, షుగర్ లేకుండానే క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష అంకె) పెరుగుతూ పోతుంది, స్కానింగులో కిడ్నీలు కుంచించుకుపోయి చిన్నవిగా కనబడతాయి.

ప్రొస్టేట్ అడ్డం పడి మూత్రం వెనక్కి తన్నినా క్రియాటినిన్ పెరుగుతుంది. కానీ అప్పుడు స్కానింగులో కిడ్నీలు ఉబ్బి కనబడతాయి, మూత్రాశయంలో రెండువందలు, మూడువందల మిల్లీలీటర్లు, ఒక్కోసారి లీటరు దాకా మూత్రం నిలిచి ఉంటుంది. పైపు వేసి ఆ అడ్డు తొలగిస్తే చాలామందిలో క్రియాటినిన్ దిగివస్తుంది. ఉద్దానం వైపు మనిషికి క్రియాటినిన్ 4 అని చూడగానే 'అదే జబ్బు, డయాలసిస్సే' అని ఇంట్లో అందరూ ఆశ వదిలేసుకున్న సందర్భాలు నేను చూశాను. పొత్తికడుపు మీద చేయి పెడితే గట్టిగా, నిండుగా తగులుతుంది. పైపు వేశాక వారం రోజుల్లో అంకె సగానికి దిగుతుంది, ఇంటికి నడిచి వెళతారు. కాబట్టి క్రియాటినిన్ ఒక్కటే చూసి ఏ నిర్ణయానికీ రావద్దు. క్రియాటినిన్‌తో పాటు స్కానింగు ఉండాలి, రెండూ పక్కపక్కన పెట్టి చూడాలి. కిడ్నీ జబ్బే అని తేలితే పలాసలో 2023 డిసెంబరులో ప్రారంభమైన కిడ్నీ ఆసుపత్రి ఉంది, అక్కడికి వెళ్లొచ్చు. ఈలోగా నడుంనొప్పికీ ఒళ్లునొప్పులకీ ఊళ్లో ఇంజెక్షన్లు, నొప్పి మాత్రలు మాత్రం వద్దని గట్టిగా చెప్పండి. డైక్లోఫినాక్ లాంటివి అసలే ఒత్తిడిలో ఉన్న కిడ్నీని ఇంకా దెబ్బతీస్తాయి.

తర్వాత యూరాలజిస్టు దగ్గరికి వెళ్లాలి. అక్కడ మలద్వారం నుంచి వేలితో గ్రంథిని తడిమి చూస్తారు. మన మగవాళ్లు భయపడేది బయాప్సీకంటే ముందు దీనికే. గదిలోంచి లేచి వెళ్లిపోయినవాళ్లున్నారు. జరిగేది ఇంతే: పక్కకి తిరిగి మోకాళ్లు ముడుచుకుని పడుకోమంటారు, గ్లవ్ వేసుకుని జెల్లీ రాసి చూస్తారు, అర నిమిషం పడుతుంది. నొప్పి ఉండదు, ఇబ్బందిగా ఉంటుంది. మామూలు వాపైతే గ్రంథి రబ్బరులా మెత్తగా, నున్నగా తగులుతుంది. గట్టి గడ్డలా, ఎగుడుదిగుడుగా తగిలితే పీఎస్‌ఏ తక్కువున్నా సరే అనుమానించాలి. ఇది ఏ రక్తపరీక్షా చెప్పని విషయం. నాన్నగారికి ముందే చెప్పి తీసుకెళ్లండి. తెలియక వెళితే అవమానంగా అనిపిస్తుంది, తెలిసి వెళితే పరీక్షే అనిపిస్తుంది.

రెండోసారి కూడా పీఎస్‌ఏ ఎక్కువే ఉన్నా, తడిమినప్పుడు తేడాగా ఉన్నా, బయాప్సీకి ముందు ప్రొస్టేట్ ఎంఆర్‌ఐ చేయించమని అడగండి. వరస ఇదే ఉండాలి. సూది గుచ్చాక లోపల కొద్దిగా రక్తం చేరుతుంది, అప్పుడు ఎంఆర్‌ఐ తీస్తే కొన్ని వారాలపాటు బొమ్మ మసకగా ఉంటుంది. ఎంఆర్‌ఐ రిపోర్టులో పైరాడ్స్ అని 1 నుంచి 5 దాకా మార్కులు వేస్తారు. 1, 2 వస్తే, మిగతా అంకెలు కూడా బాగుంటే, బయాప్సీ వాయిదా వేసి పీఎస్‌ఏ చూసుకుంటూ ఉండొచ్చు. 4, 5 వస్తే బయాప్సీ తప్పించుకోవద్దు. 3 అంటే ఎటూ తేలనిది, అక్కడ ఇందాకటి భాగహారం పనికొస్తుంది. గుండెకి పేస్‌మేకర్ ఉన్నా, క్రియాటినిన్ ఎక్కువున్నా ఎంఆర్‌ఐ చేసేవాళ్లకి ముందే చెప్పాలి.

మీ మేనమామగారి మాట దగ్గరికి వద్దాం. ఆయన చెడు కోరి అనలేదు, మన వైపు ప్రతి కుటుంబంలోనూ ఈ మాట ఉంది. సూది వల్ల ప్రొస్టేట్ కేన్సర్ పాకడం అన్నది లేనట్టే, అంత అరుదు. మరి ఆ నమ్మకం ఎక్కడినుంచి వచ్చిందంటే, మన దగ్గర జనం ఆసుపత్రికి వచ్చేదే ముదిరాక. అప్పటికే ఎముకలకి పాకి ఉంటుంది. బయాప్సీ చేస్తారు, మూడు నెలలకి మనిషి మంచం పడతాడు. ఇంట్లోవాళ్లకి గుర్తుండేది సూదే. నిజంగా జాగ్రత్త పడాల్సింది ఇన్ఫెక్షన్ విషయంలో. మలద్వారం గుండా చేసే బయాప్సీలో కొద్దిమందికి జ్వరం, రక్తంలో ఇన్ఫెక్షన్ వస్తాయి. కింద చర్మం గుండా చేసే పద్ధతిలో ఆ ప్రమాదం బాగా తక్కువ, ఆ సదుపాయం ఉందేమో అడగండి. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ లాంటి రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే డాక్టరుకి చెప్పండి, మీ అంతట మీరు ఆపకండి. మత్తు ఇంజెక్షన్ ఇచ్చి పది పన్నెండు చిన్న ముక్కలు తీస్తారు, ఇరవై నిమిషాల పని. కొన్ని రోజులు మూత్రంలో, కొన్ని వారాలు వీర్యంలో రక్తపు చారలు కనబడతాయి, కంగారు పడొద్దు. చలితో జ్వరం వస్తే మాత్రం ఆ రాత్రే ఆసుపత్రికి వెళ్లాలి, తెల్లారేదాకా ఆగకూడదు.

ఒకవేళ కేన్సర్ అనే తేలిందనుకుందాం. బయాప్సీ రిపోర్టులో గ్లీసన్ స్కోరు అని, కేన్సర్ ఎంత దూకుడుగా ఉందో చెప్పే అంకె ఉంటుంది. 6 వస్తే అది నెమ్మదిగా నడిచే రకం. చాలామందికి ఆపరేషనూ రేడియేషనూ ఏమీ లేకుండా, పీఎస్‌ఏ, ఎంఆర్‌ఐ, అవసరమైతే మళ్లీ బయాప్సీతో కనిపెట్టుకుని ఉంటే సరిపోతుంది. దీన్ని నిర్లక్ష్యం అనుకోకండి, ఇదీ వైద్యంలో భాగమే. బ్రిటన్‌లో 1643 మందిని మూడు వర్గాలుగా చేసి, ఒక వర్గాన్ని కనిపెట్టుకుని ఉండి, ఒక వర్గానికి ఆపరేషన్, ఒక వర్గానికి రేడియేషన్ చేసి పదిహేనేళ్లు చూశారు. 2023లో ఫలితం వచ్చింది. మూడింటిలోనూ ఈ కేన్సర్‌తో చనిపోయినవాళ్లు నూటికి ఇద్దరు ముగ్గురే. వాళ్లంతా పీఎస్‌ఏ పరీక్షతో తొందరగా బయటపడినవాళ్లు, గ్రంథి దాటనివాళ్లు. తొందరగా తెలిస్తే ఆలోచించుకోవడానికి తీరిక దొరుకుతుంది. కేన్సర్ అన్న మాట వినగానే పొలం తాకట్టు పెట్టి ఆ వారమే ఆపరేషన్‌కి వెళ్లాల్సిన పని లేదు.

గ్లీసన్ 7, 8, ఆపైన ఉంటే చాలావరకు వైద్యం చేయాల్సిందే. గ్రంథిని తీసేసే ఆపరేషన్ ఉంది, రేడియేషన్ ఉంది, చాలా సందర్భాల్లో రెండూ సమానంగానే పనిచేస్తాయి. ఆపరేషన్ తర్వాత కొన్ని నెలలు మూత్రం ఆపుకోవడం కష్టమవుతుంది, కొద్దిమందికి ఆ ఇబ్బంది మిగిలిపోతుంది. భార్యాభర్తల సంబంధం మీదా దెబ్బపడుతుంది. రేడియేషన్ కూడా అంత సుఖమైనదేమీ కాదు, దానికీ మూత్రం, మలం దారుల్లో మంట, రక్తం లాంటి తిప్పలున్నాయి. ఇవన్నీ ముందే అడిగి తెలుసుకోవాలి, అమ్మగారు పక్కన ఉండగా తెలుసుకోవాలి. మగవాడు ఒక్కడే కూర్చుని విని, ఇంటికొచ్చి ఏమీ చెప్పక, తర్వాత కుమిలిపోవడం నేను చాలాసార్లు చూశాను.

ఎముకలకి పాకినా చేయడానికి ఉంది. ఈ కేన్సర్ మగ హార్మోన్ మీద బతుకుతుందని చార్లెస్ హగ్గిన్స్ 1941లో చూపించారు, 1966లో ఆయనకి నోబెల్ వచ్చింది. ఇప్పటికీ వైద్యానికి పునాది అదే. వృషణాలు తీసే చిన్న ఆపరేషన్ ఒకసారి చేయించుకోవచ్చు, లేదా నెలకో మూడు నెలలకో ఇంజెక్షన్ తీసుకోవచ్చు. హార్మోన్ తగ్గించడంలో రెండూ ఒకటే, ఖర్చులో ఆపరేషన్ చాలా చవక. దీనికి తోడుగా ఇప్పుడు అబిరాటెరోన్ లాంటి మాత్రలు కూడా ఇస్తున్నారు. మంచం మీద వచ్చిన మనిషి రెండు నెలలకి కర్ర పట్టుకోకుండా నడిచి రావడం ఈ వైద్యంలో మామూలుగా చూసేదే. వేడి ఆవిర్లు, నీరసం, ఎముకలు గుల్లబారడం ఉంటాయి కాబట్టి నడక, కాల్షియం, డి విటమిన్ చూసుకోవాలి.

ఒక విషయం మాత్రం ఇంట్లో అందరికీ చెప్పి ఉంచండి. అరవై దాటిన మగవాడికి నడుంనొప్పి రాత్రిళ్లు కూడా తగ్గకుండా ఉండి, కాళ్లలో బలం తగ్గుతున్నా, తిమ్మిరెక్కుతున్నా, మూత్రం మలం మీద అదుపు తప్పుతున్నా, అది వాతం కాదు, కట్లు కట్టించుకునే నొప్పీ కాదు. కేన్సర్ వెన్నుపాముని నొక్కుతూ ఉండొచ్చు. అదే రోజు పెద్దాసుపత్రికి తీసుకెళ్లాలి. ఒకటి రెండు రోజులు ఆలస్యమైతే కాళ్లు మళ్లీ రాకపోవచ్చు. పర్లాకిమిడి అవతలి కొండ ఊళ్ల నుంచి నెలల తరబడి మాలిష్ చేయించుకుని, కాళ్లు పడిపోయాక తీసుకొచ్చినవాళ్లని చూసినప్పుడు కలిగే బాధ చెప్పలేను. ఈ ఒక్క ముక్క తెలిసి ఉంటే వాళ్లలో కొందరు నడిచేవాళ్లు.

అలాగే మూత్రంలో రక్తం. నొప్పి లేకుండా ఒక్కసారి ఎర్రగా వచ్చి ఆగిపోయినా వదిలేయకూడదు. చుట్ట, బీడీ తాగేవాళ్లలో మూత్రాశయం కేన్సర్ మొదటి గుర్తు చాలాసార్లు అదే. వేడి చేసిందని సబ్జా నీళ్లు తాగి ఊరుకుంటారు, తర్వాత ఆరునెలలకి గడ్డలతో వస్తారు.

ఎక్కడికి వెళ్లాలన్నది అడిగారు. బరంపురంలోనే ఎంకేసీజీ మెడికల్ కాలేజీ ఆసుపత్రి ఉంది. మొదటి పరీక్షలన్నీ అక్కడ మొదలుపెట్టండి. కేన్సర్ అని తేలితే కటక్‌లో ఆచార్య హరిహర కేన్సర్ సంస్థ ఉంది, విశాఖలో కేజీహెచ్, అగనంపూడి దగ్గర టాటా వాళ్ల హోమీ భాభా కేన్సర్ ఆసుపత్రి ఉన్నాయి. మాట్లాడటానికి తెలుగు ఉంటుందని మనవాళ్లు విశాఖకే మొగ్గుతారు, రైల్లో నాలుగైదు గంటలు. అందులో తప్పులేదు. బరంపురంలో పుట్టి పెరిగినవాళ్లు ఒడియా గడగడా మాట్లాడతారు, కానీ ఒంటి కింది భాగం సంగతి వచ్చేసరికి 'పరిస్రా టికే అసువిధా' (మూత్రం కాస్త ఇబ్బంది) అని మూడు మాటలతో ముగించేస్తారు. అదే మనిషి తెలుగు డాక్టరు దగ్గర, కాస్త తీరిగ్గా అడిగితే, పంచె తడిసిపోయే సంగతి కూడా చెబుతాడు. అయితే రేడియేషన్ అంటే వారాల తరబడి రోజూ వెళ్లాలి. ఎక్కడ ఉండగలరో, ఎవరు తోడుంటారో చూసుకుని ఊరు ఎంచుకోండి.

ఉచిత వైద్యం కార్డు విషయం ముందే తేల్చుకోండి. ఒడిశాలో 2025 ఏప్రిల్ నుంచి ఆయుష్మాన్ భారత్ గోపబంధు పథకం నడుస్తోంది. ఆయుష్మాన్ కార్డు పక్క రాష్ట్రంలోనూ, ఆ పథకంలో చేరిన ఆసుపత్రుల్లో చెల్లుతుంది. ఆంధ్ర రేషన్ కార్డు మీద వచ్చే వైద్యసేవ వేరు. నాన్నగారి ఓటు, రేషన్ బరంపురంలో ఉంటే అది ఆయనకి వర్తించదు. మన సరిహద్దు కుటుంబాల్లో తండ్రి కార్డు ఒక రాష్ట్రంలో, కొడుకు కార్డు ఇంకో రాష్ట్రంలో ఉండటం మామూలే. అడ్మిట్ అయ్యాక కౌంటర్ దగ్గర తెలిసి బాధపడేకంటే, బయల్దేరేముందే ఆ ఆసుపత్రికి ఫోన్ చేసి ఆ వైద్యం ఆ కార్డు మీద చేస్తారా అని అడగండి.

రాత్రి ఇబ్బంది తగ్గడానికి ఇప్పుడే చేయగలిగినవి ఉన్నాయి. సాయంత్రం ఆరు తర్వాత నీళ్లు, టీ బాగా తగ్గించమనండి, పగలు మాత్రం తగ్గించకూడదు. షుగర్ పరీక్ష చేయించండి, షుగర్ ఎక్కువున్నా రాత్రి లేవాల్సి వస్తుంది. మూడు రోజులు ఒక కాగితం మీద ఎన్నింటికి లేచారో, సుమారు ఎంత పోశారో రాయమనండి, డాక్టరుకి అంతకంటే పనికొచ్చే కాగితం ఉండదు. టామ్సులోసిన్ రాత్రి భోజనం తర్వాత వేసుకోవాలి, లేచేటప్పుడు కాసేపు మంచం అంచున కూర్చుని లేవాలి, లేకపోతే కళ్లు తిరిగి పడతారు. కంటి శుక్లాల ఆపరేషన్ చేయించుకునేముందు ఈ మాత్ర వాడుతున్నానని, ఆపేసినా ఒకప్పుడు వాడానని, కంటి డాక్టరుకి తప్పక చెప్పాలి. కంటిపాప మీద దీని ప్రభావం ఉంటుంది, తెలిస్తే వాళ్లు జాగ్రత్త పడతారు.

జలుబు మాత్రల విషయంలో మరీ జాగ్రత్త. ముక్కు కారుతోందని మెడికల్ షాపులో ఇచ్చే జలుబు మాత్ర ఒక్కోసారి మూత్రం దారిని బిగించేస్తుంది. రాత్రికి ఒక్క బొట్టు కూడా రాదు, కడుపు ఉబ్బుతుంది, మనిషి మెలికలు తిరిగిపోతాడు. అప్పుడు నీళ్లు తాగించడం, పొట్టకి కాపడం పెట్టడం చేయకండి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లి పైపు వేయించండి.

నాన్నగారి చేత మాట్లాడించడం ఎలా అన్నారు. ఫోన్లో అవదు. ఒకసారి వెళ్లండి, కొట్టు కట్టేశాక పక్కన కూర్చోండి. కేన్సర్ మాటతో మొదలుపెట్టకండి. 'రాత్రి నిద్ర పడుతోందా' అని అడగండి. ఆయన కిడ్నీ భయాన్ని ముందు విని, దానికోసమే స్కానింగు, క్రియాటినిన్ అని చెప్పండి. అది అబద్ధం కాదు, నిజంగా దానికీ పనికొస్తుంది. డాక్టరు గదిలోకి మీరూ వెళ్లండి, తడిమి చూసేటప్పుడు మాత్రం బయటికి రండి. కొడుకు ముందు ఆ పరీక్ష చేయించుకోవడం ఆయనకి కష్టం.

మీ గురించి కూడా ఒక మాట. తండ్రికో అన్నదమ్ములకో ఈ కేన్సర్ ఉంటే మగవాడికి వచ్చే అవకాశం రెట్టింపు పైనే ఉంటుంది. మేనత్తలకి, నాయనమ్మకి రొమ్ము కేన్సర్ గానీ అండాశయం కేన్సర్ గానీ వచ్చిందా అన్నది కూడా అడిగి రాసిపెట్టుకోండి. కొన్ని కుటుంబాల్లో ఒకే జన్యులోపం ఆడవాళ్లలో అదీ, మగవాళ్లలో ఇదీ తెస్తుంది. నాన్నగారికి ఉందని తేలితే మీరు 45 ఏళ్లకే పీఎస్‌ఏ మొదలుపెట్టండి. లేదని తేలితే 50 దాటాక డాక్టరుతో మాట్లాడి నిర్ణయించుకుంటే చాలు. రెండో పీఎస్‌ఏ, గ్రంథి బరువు, క్రియాటినిన్, ఆ మాత్రల షీటు మీద ఉన్న మందుల పేర్లు చేతికి వచ్చాక ఇక్కడే రాయండి, ఎంఆర్‌ఐ అవసరమా కాదా అప్పుడు చెబుతాను.